రెండు తలల పాముకు ధర రాయొద్దండీ

మొన్న సాయంత్రం సేనికాడ డ్రిప్పు పైపులు చుట్టుకుంటా ఉంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. గొంతు చూస్తే పాతికేళ్లు కూడా దాటని పిల్లోడు.

"అన్నా, మీది హగరి ఒడ్డు ఇసుక సేను కదా. రెండు తలల పాము అగుపడితే నాకొక మాట చెప్పన్నా. బెంగళూరు పార్టీ రెడీగా ఉంది. రెండున్నర కేజీలు తూగితే చాలు, మీకు ఇరవై లచ్చలు ఇప్పిస్తా" అన్నాడు.

నా నంబరు ఎవరిచ్చినారబ్బా అని అడిగితే టక్కున పెట్టేసినాడు.

ఈ ఫోన్ నాకు కొత్త కాదు. కొన్నేళ్ల కిందట ఇట్లాంటి మాటే విని నేనూ బోర్లా పడినా. ఆ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఊర్లో కూడా నలుగురైదుగురికి తప్ప తెలీదు. ఇప్పుడు రాయడానికి కారణం ఆ పిల్లోడి గొంతే. వాడు దొంగలా మాట్లాడలేదు. నిజంగా నమ్మి మాట్లాడినాడు. నేను కూడా అట్లాగే నమ్మినా.

ముందు మా నేల సంగతి చెప్తే గానీ తెలియని వాళ్లకు అర్థం కాదు. మాది అనంతపురం జిల్లా పడమటి కొస, వేదవతి నది పక్క. మేము హగరి అంటాం. పేరుకే నది, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే పారుతుంది. ఆషాఢం గాలి లేస్తే ఏట్లో ఇసుక ఎగిరొచ్చి సేన్లలో పడుతుంది. బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు దగ్గర ఇసుక దిబ్బలు చూసినోళ్లు ఇది రాజస్థానా అని అడుగుతారు. గట్టుకు అవతల తుంగభద్ర ఎగువ కాలువ కింద వరి పచ్చగా ఉంటుంది, ఇవతల మా తువ్వ నేలలో చెనక్కాయ, ఆముదం, కంది. నీళ్లు నిలవని నేల. గడ్డపార అక్కర్లేదు, చేత్తో తోడినా గుంత పడుతుంది. అట్లాంటి నేలలోనే ఈ పాము బతుకుతుంది.

రెండు తలల పాము అంటాం గానీ దానికి ఉండేది ఒకటే తల. తోక మొద్దుగా, కోసేసినట్టుగా ఉంటుంది, అందుకే అటు చూసినా ఇటు చూసినా తలలాగే అనిపిస్తుంది. ఒళ్లంతా ఒకే తావు ఎర్రమన్ను రంగు, లేదంటే ముదురు గోధుమ రంగు. నున్నగా, లావుగా ఉంటుంది. రెండు మూడడుగులు పెరుగుతుంది. మూతి మాత్రం గమనించండి, పార అంచులాగా పలకగా ఉంటుంది. ఆ మూతితోనే ఇసుకను తోసుకుంటా లోపలికి పోతుంది. కండ్లు చిన్నవి, తల పైభాగానికి దగ్గరగా ఉంటాయి. ఒళ్లంతా ఇసుకలో పూడ్చుకొని కండ్లు మాత్రం పైకి పెట్టుకొని కూర్చోవడానికి వీలుగా దేవుడు అట్లా పెట్టినాడు. దాన్ని కదిలిస్తే కాటేయడానికి రాదు. చుట్ట చుట్టుకొని తలను అడుగున దాచుకొని తోకను పైకి లేపి ఆడిస్తుంది. కుక్కో గద్దో దెబ్బ వేసినా తోకమీద వేస్తుంది, తల బతుకుతుంది. పెద్ద పాముల్లో చాలావాటికి తోకమీద గాట్లు ఉంటాయి, చూడండి. విషం లేదు. కొండచిలువ మాదిరి చుట్టి నలిపి చంపి మింగుతుంది, అంతే. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. పిల్లపాములకు తోకవైపు నల్లటి కట్లు ఉంటాయి, పెద్దయ్యేకొద్దీ పోతాయి.

మా జేజి చెప్పేది, ఆరునెల్లు ఈ తలతో నడుస్తుంది, ఆరునెల్లు ఆ తలతో నడుస్తుంది అని. దాని నాలుక తగిలితే కుష్టు వస్తుందని కూడా చెప్పేది. అందుకే చిన్నప్పుడు మేము దాన్ని చూస్తే చంపేవాళ్లం కాదు, పట్టేవాళ్లమూ కాదు, దూరంగా పోయేవాళ్లం. ఆ మాటలు రెండూ తప్పే. కానీ ఆ తప్పుమాటల వల్ల పాము బతికింది. ఇప్పుడు వచ్చిన కొత్త తప్పుమాట దాన్ని బతకనీయడం లేదు.

ఆ కొత్త మాట ఏందంటే, ఇది ఇంట్లో ఉంటే లక్ష్మి నడిచొస్తుందని, గుప్తనిధి చూపిస్తుందని, పెద్ద రోగాలకు మందని, మగతనానికి మందని. ఎయిడ్స్ కూడా పోతుందని చెప్పేవాళ్లు ఉన్నారు. వ్యాపారం చేసేవాళ్లు దీనికి డబుల్ ఇంజన్ అని పేరు పెట్టుకున్నారు. ఫోన్లో పాము అనకుండా ఇంజన్ అంటారు. మహారాష్ట్రలో మాండూళ్ అంటారు, హిందీవాళ్లు దోముహా అంటారు, మా పక్కనే కన్నడం వాళ్లు మణ్ణుముక్క హావు, అంటే మన్ను తినే పాము అంటారు. మన్ను తినదు పాపం. ఏ భాషలో ఏ పేరున్నా కథ ఒకటే, బ్రోకర్ చెప్పే ధర ఒకటే.

ఇంక నా సంగతి.

ఆ ఏడాది వాన లేదు. చెనక్కాయ ఊడదిగే టయానికి నలభై రోజులు చుక్క పడలేదు. ఊడలు ఎండిన నేలలోకి దిగక గాల్లోనే మాడిపోయినాయి. వచ్చిన నాలుగు కాయలూ ఎలుకలు బొక్కల్లోకి లాక్కుపోయినాయి. మా వైపు తెలిసిన వాళ్లకు తెలుసు, చెనక్కాయ పీకినాక ఎలుక బొక్కలు తవ్వుతారు. ఒక్కో బొక్కలో లోపల గదిలాగా చేసి కాయలు కుప్పగా పోసుకుంటాది ఎలుక. మంచి బొక్క దొరికితే మూడు నాలుగు శేర్లు వస్తాయి. అప్పట్లో కూలోళ్లు తవ్వేది, ఆ ఏడాది నేనే తవ్వుకున్నా.

నాలుగో బొక్కలో కాయలు లేవు. ఈ పాము ఉంది. పొట్ట ఉబ్బి ఉంది. బొక్కలో ఎలుక పిల్లల గూడు ఖాళీ. అప్పుడు నాకు ఆ ఖాళీ గూడు కనపడింది గానీ దాని అర్థం తట్టలేదు. ఇరవై లచ్చలు మాత్రమే తట్టినాయి. ఎందుకంటే అంతకు నెల ముందే పేపర్లో చదివినా, ఎక్కడో రెండు తలల పామును పట్టుకుపోతా ఉంటే పట్టుకున్నారు, దాని విలువ ఇన్ని కోట్లు అని. ఆ కోట్ల అంకె మనసులో కూర్చుండిపోయింది.

యూరియా సంచిలో వేసుకొని ఇంటికి తెచ్చినా. పాత కాగు ఒకటి ఉంటే సగం ఇసుక పోసి అందులో పెట్టి పైన గుడ్డ కట్టి వడ్ల గాదె వెనక దాచినా. మా ఇంటామె చూసి ఒకటే మాట అనింది, "ఏమయ్యా, దీనికి తిండి ఏం పెడతావు?" అని. నేను దానికి కూడా జవాబు చెప్పలేదు.

తెలిసినాయన ద్వారా ఒక బ్రోకర్ దొరికినాడు. కారులో వచ్చినాడు, తెల్లచొక్కా, మెళ్లో రుద్రాక్ష. పామును చూసి తల ఊపినాడు. కాటా తెమ్మన్నాడు. తూకం ఆరువందల యాభై గ్రాములు వచ్చింది. రెండున్నర కేజీలు ఉండాలి గానీ ఇది మంచి జాతి, పార్టీతో మాట్లాడతా అన్నాడు. దీని దగ్గర ఫోన్ పెడితే సిగ్నల్ పోవాలి, అద్దంలో దీని నీడ పడకూడదు, ఆ టెస్టులు చేసేదానికి మనిషి మద్రాసు నుంచి రావాలి, ఆయన ఖర్చులకు ముప్పై వేలు మీరు కట్టాలి, అమ్మినాక తిరిగొస్తాయి అన్నాడు. చదువుకున్నోణ్ణి, ఇంటర్ పాసైనోణ్ణి, సైన్సు కూడా చదివినా. అద్దంలో నీడ పడని వస్తువు భూమ్మీద ఉంటుందా అని ఆ పొద్దు నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. అప్పుల్లో ఉన్నోడి తలకాయ అట్లా ఉంటుంది. మా ఇంటామె కమ్మలు కుదువపెట్టి ముప్పై వేలు ఇచ్చినా.

తొమ్మిది రోజులు చూసినా. రెండోరోజు నుంచే ఫోన్ స్విచ్చాఫ్. ఆ తొమ్మిది రోజులూ పాము కాగులో ఏమీ తినలేదు, నేనూ సరిగ్గా తినలేదు. బయట బండి చప్పుడైతే పోలీసులొచ్చినారేమో అని గుండె దడ. పదో రోజు పొద్దున్నే తెల్లవారక ముందే కాగు ఎత్తుకొని పోయి ఎక్కడ తవ్వినానో అక్కడే కుమ్మరించినా. కాసేపు కదల్లేదు. తర్వాత మూతి ఇసుకలో పెట్టి, నీళ్లలో చేప మునిగినట్టు మునిగిపోయింది. కమ్మలు విడిపించేదానికి రెండేళ్లు పట్టింది. మా ఇంటామె ఆ సంగతి ఎత్తి పొడిచింది తక్కువే, కానీ నాగుల చవితి వచ్చినప్పుడల్లా పుట్టకాడ నా వంక ఒక చూపు చూస్తుంది.

నాకు దుడ్లు మాత్రమే పోయినాయి. మా చుట్టుపక్కల ఊర్లో ఒక పిల్లోడికి బతుకే పోయింది. ఆటో నడిపేవాడు. పాము వాడిది కాదు, పట్టింది వాడు కాదు. కొంటామని వచ్చినోళ్లను, పామును పట్టినోణ్ణి కూర్చోబెట్టుకొని లాడ్జి దాకా తీసుకుపోయినాడు, అయిదొందలు బాడుగకు. అందరితో పాటు వాడూ లోపల పడినాడు. బెయిలుకు, వకీలుకు, వాయిదాలకు వాళ్ల నాయన ఎకరంన్నర నేల అమ్ముకున్నాడు. అసలు కొనే బెంగళూరు పార్టీ ఎవరో ఈ పొద్దుటిదాకా ఎవరికీ తెలీదు. నా అనుమానం, అట్లాంటి పార్టీ లేనే లేదు. పాము చేతులు మారుతుంది, ప్రతి చేతిలోనూ అడ్వాన్సు మారుతుంది, చివర్న కొనేవాడు ఉండడు. రైస్ పుల్లింగ్ చెంబు అని ఒకటి తిప్పుతారు చూడండి, అదే ఆట. చెంబుకు ప్రాణం లేదు, దీనికి ఉంది, అంతే తేడా.

ఇక్కడే నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఉంది. పాము పట్టుబడిన ప్రతిసారీ టేబుల్ మీద పెట్టి ఫోటో తీసి, "అంతర్జాతీయ మార్కెట్లో దీని విలువ రెండు కోట్లు" అని ఒక ముక్క కలిపి రాస్తారు. ఏ మార్కెట్? ఎక్కడుంది ఆ మార్కెట్? చెనక్కాయకు ఆదోని మార్కెట్టు ఉంది, పొద్దున పోతే ధర బోర్డు మీద ఉంటుంది. ఉల్లికి కర్నూలు ఉంది, టమోటాకు మదనపల్లె ఉంది. ఈ పాముకు ఏ యార్డులో వేలం వేసినారు? ఆ రెండు కోట్లు చెప్పింది ఎవరంటే పట్టుబడినోడు. వాడికి చెప్పింది వాడికి ముందున్న బ్రోకర్. దొంగ నోట్లోని అబద్ధాన్ని తీసి, ఆఫీసర్ల నోటితో చెప్పించి, పేపర్లో అచ్చేసి, టీవీలో తిప్పితే అది నిజమైపోతుంది. మరుసటి రోజు నాలాంటోడు ఆ కాగితం మీద సద్ది తింటా చదువుతాడు. గడ్డపార తీసుకుంటాడు.

కేసు పెట్టొద్దని నేను చెప్పడంలేదు. 1972 వన్యప్రాణి చట్టం కింద దీన్ని పట్టడం, ఇంట్లో పెట్టుకోవడం, అమ్మడం అన్నీ నేరం. 2022లో చట్టం మార్చి 2023 ఏప్రిల్ 1 నుంచి జరిమానాలు కూడా పెంచినారు. దేశాలమధ్య వ్యాపారం మీద కూడా అదుపు ఉంది. మంచిదే. కానీ కేసు రాసేటప్పుడు ఆ ధర రాయడం మానుకోండి సార్ అంటున్నా. రాయాల్సి వస్తే ఇట్లా రాయండి: "ఈ పాముకు మార్కెట్టు లేదు, ధర లేదు, మందు గుణం లేదు, కొనేవాడు లేడు. అడ్వాన్సు ఇచ్చినోడి దుడ్లు పోయినాయి, మోసినోడు జైలుకు పోయినాడు." ఇది రాస్తే చదివినోడు గడ్డపార పక్కన పెడతాడు. విలేకరి తమ్ముళ్లు కూడా నా పేజీ చూస్తుంటారు, వాళ్లకు కూడా ఇదే మాట. కోటి అంటే చదువుతారని మీకు తెలుసు. ఆ చదివేవాళ్లలో ఎవరు చదివి ఊరుకోరో అది కూడా తెలుసుకోండి.

ఒకాయన నాతో వాదించినాడు, "ధర రాయకపోతే జనానికి దీని విలువ ఎట్లా తెలుస్తుంది?" అని. విలువ తెలియాలంటే ఎలుక లెక్క చెప్పాలి గానీ కోట్ల లెక్క కాదు.

ఎలుక లెక్క చెప్తా. చెనక్కాయ రైతుకు ఎలుక రెండుసార్లు వస్తుంది. విత్తనం వేసిన మూడు రోజుల్లో ఒకసారి, సాలు పట్టుకొని విత్తనం తోడి తింటుంది. కాయ ముదిరేటప్పుడు ఇంకోసారి. గుడ్లగూబ, పిల్లి, నక్క బయట తిరిగే ఎలుకను పడతాయి. బొక్క లోపలికి పోయి గూట్లో ఉన్న పిల్లల్ని తినేది పాము ఒక్కటే. అందులోనూ నాగుపాము వస్తే మనకు ప్రాణభయం. ఈ రెండు తలల పాము రాత్రిపూట నిమ్మళంగా బొక్కలోకి దూరి, ఒక్కో ఈతను గూడుతో సహా ఖాళీ చేస్తుంది. నేను ఆ పొద్దు తవ్విన నాలుగో బొక్క అదే. కాయలు లేని బొక్క అని తిట్టుకున్నా. ఆ బొక్కలో ఎలుక సంసారం లేదు కాబట్టే కాయలు లేవు.

అట్లాగని ఒక పాముతో ఎలుకలన్నీ పోతాయని నేను రాస్తే అబద్ధం అవుతుంది. ఎలుక మూడు వారాలకొకసారి ఈనే జంతువు. పాము వారానికో పదిరోజులకో ఒకసారి తింటుంది, చలికాలంలో అదీ లేదు. మందు పెట్టే అవసరం ఇంకా ఉంటుంది. నేనూ జింక్ ఫాస్ఫైడ్ నూకల్లో కలిపి పెడతా. కానీ ఒకటి, పెట్టేది బొక్కలో పెట్టి మూయాలి. పొద్దున్నే చచ్చిన ఎలుకల్ని ఏరి పూడ్చాలి. మందు తిని మత్తుగా తిరిగే ఎలుకను పామో గుడ్లగూబో తింటే ఆ మందు దానికీ ఎక్కొచ్చు. ముఖ్యంగా బ్రోమడయోలోన్ అనే కేకులు వాడేటప్పుడు జాగ్రత్త. మనం శత్రువుకు పెట్టిన అన్నం మన జీతగాడు తిన్నట్టు అవుతుంది.

ఇంకో పాము సంగతి చెప్పాలి, ఇది ఎవరూ అమ్మరు గానీ అందరూ చంపుతారు. మా ఇసుకలోనే ఉండే ఇంకో రకం. పొట్టిగా, ఇంకా లావుగా, ఒంటిమీద ముదురు మచ్చలు, తోక గరుకుగా ఉంటుంది. ఇది కూడా రెండు తలల పాముకు దాయాదే, విషం లేనిదే. కానీ మచ్చలు చూసి రక్తపింజర అనుకొని కట్టె తీసుకుంటారు. నేను కూడా చిన్నప్పుడు మూడు చంపినా, లెక్క గుర్తుంది. రక్తపింజరకు మచ్చలు గొలుసు లాగా వరసగా, నిండు గుండ్రంగా ఉంటాయి, తల మూడుమూలలుగా ఉండి మెడ సన్నగా తెలుస్తుంది, కదిలిస్తే కుక్కరు విజిల్ లాగా బుస కొడుతుంది. ఈ మట్టిపాముకు మచ్చలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి అడ్డదిడ్డంగా ఉంటాయి, మెడ తెలియదు, తోక మొండిగా ఉంటుంది. ఇది చిరాకుది, పట్టుకుంటే కొరుకుతుంది, రక్తం వస్తుంది, అంతకు మించి ఏమీ కాదు.

అయితే ఇది చదివి ఎవరూ దగ్గరికి పోయి మచ్చలు లెక్కబెట్టొద్దు. రాత్రిపూట టార్చి వెలుతుర్లో నాకే తేడా తెలియదు. తెలియకపోతే నాలుగడుగులు వెనక్కి వేసి, దాని దారిన దాన్ని పోనివ్వండి. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58 వేలమంది పాముకాటుతో చనిపోయినారని లెక్క తేల్చినారు. పోయినోళ్లలో ఎక్కువమంది మనలాంటి పల్లెల వాళ్లే. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగే ఎక్కువ ప్రాణాలు తీసేవి. ఏది కరిచిందో తెలియకపోతే విషమున్నదే అనుకొని పెద్దాసుపత్రికి పోవాలి. మంత్రం, ఆకుపసరు, బ్లేడుతో కోయడం, తాడు బిగించడం ఏదీ వద్దు. ఇది చాలాసార్లు రాసినా, మళ్లీ రాస్తా.

మూడోది మరీ చిన్నది, గుడ్డిపాము. వానపాము అనుకుంటారు. జానెడు కూడా ఉండదు, నల్లగా మెరుస్తా ఉంటుంది. ఎరువు దిబ్బ తిరగేస్తే, పూలకుండీ ఎత్తితే అడుగున దొరుకుతుంది. చెవిలో దూరుతుందని ఆడవాళ్లు భయపడతారు. దూరదు. చెదలు గుడ్లు, చీమ గుడ్లు తిని బతుకుతుంది. మా అబ్బాయి డిగ్రీ చదివేటప్పుడు చెప్పినాడు, ఈ పాముల్లో మగవి లేవంట. అన్నీ ఆడవే, మగ తోడు లేకుండానే గుడ్లు పెట్టేస్తాయంట. నేను నమ్మలేదు, వాడు పుస్తకం చూపించినాడు. పూలకుండీల మట్టిలో ఎక్కి ఓడల్లో ప్రపంచమంతా తిరిగిందంట. ఒక్క పాము పోతే చాలు, అక్కడ సంతానం మొదలు. మనవాళ్లు వీసా కోసం ఎన్ని తిప్పలు పడతారు, ఇది మట్టిలో కూర్చొని అమెరికా పోయింది.

ఆ పుస్తకంలోనే ఇంకో సంగతి ఉంది, అది చదివినాక నాకు కొంచెం గర్వంగానూ కొంచెం సిగ్గుగానూ అనిపించింది. ప్యాట్రిక్ రస్సెల్ అని ఒక స్కాట్లండ్ డాక్టరు కంపెనీ కాలంలో విశాఖపట్నంలో ఉండి, మన తీరంలో పాములన్నీ తెప్పించుకొని బొమ్మలు గీయించి 1796లో పెద్ద పుస్తకం వేసినాడు. ఇంగ్లీషులో రక్తపింజరకు ఆయన పేరే పెట్టినారు. కానీ ఆయన పుస్తకంలో దానికి పెట్టుకున్న పేరు కాటుక రేకుల పొడ. ఎంత చక్కటి పేరు! కట్లపాముల జాతికి శాస్త్రంలో ఉన్న బంగారస్ అనే పేరు కూడా మన తెలుగు మాట నుంచే పోయింది. ఈ గుడ్డిపాము బొమ్మ కింద ఆయన రాసుకున్నది రెండు తలల పాము అని, ఇంగ్లీషు అక్షరాల్లో. అంటే ఆ రోజుల్లో విశాఖ వైపు దీన్నే రెండు తలలది అనేవాళ్లన్నమాట. మనం ఇప్పుడు రెండు తలల పాము అంటున్న పెద్దదాని శాస్త్రం పేరులో తరంగంబాడిలో ఉన్న జాన్ అనే పాదిరీ పేరు ఉంది, దాన్ని కూడా రస్సెలే పుస్తకంలోకి ఎక్కించినాడు.

ఆయన ఆ పని ఎందుకు చేసినాడంటే, ఏది విషమున్నది ఏది లేనిది అని జనానికి గుర్తుపట్టడం తెలియాలని. రెండు వందల ఇరవై ఏళ్లు దాటింది. పేర్లు మనవి ఇచ్చినాం, గుర్తుపట్టడం మాత్రం ఇంకా రాలేదు. బడిలో ఏనుగు, సింహం, జిరాఫీ బొమ్మలు చూపిస్తారు. మా ఊరి పిల్లోడు జిరాఫీ చేత కరిపించుకోడు. గట్టుమీద ఉండే పది పాముల బొమ్మలు గోడకు వేస్తే బాగుంటుంది. హెడ్మాస్టరుతో మాట్లాడినా, రంగులు నేను కొనిస్తా అని చెప్పినా, ఎండాకాలం సెలవుల్లో చూద్దాం అన్నాడు.

పట్టి అమ్మేవాళ్ల వల్ల పోతున్నవి ఒక ఎత్తు, మన పనుల వల్ల పోతున్నవి ఇంకో ఎత్తు. ఇది కూడా ఒప్పుకోవాలి. మునుపు మడకతో దున్నేటప్పుడు పాము పక్కకు జరిగేది. ఇప్పుడు రోటవేటరు వేస్తే జానెడు లోతులో ఏముంటే అది ముక్కలే. నేను దున్నిన సేన్లో రెండుసార్లు చూసినా, తునకలుగా. గట్లు చదును చేసి రెండు సాళ్లు ఎక్కువ పెట్టుకుంటున్నాం, ఆ గట్టే వాటి ఇల్లు. ఏట్లో రాత్రిపూట ఇసుక టిప్పర్లు పోతాయి. ఇసుకతో పాటు అందులో ఉండేవి కూడా పోతాయి, ఎవరి ఇంటి పునాదిలోనో కలుస్తాయి. ఎవరి టిప్పర్లు అని అడక్కండి, నేను ఇదే ఊర్లో బతకాలి.

నేను చేసిందల్లా చిన్నదే. తూర్పు గట్టు చదును చేయలేదు. ఆరడుగుల వెడల్పు, అటు చివర నుంచి ఇటు చివర దాకా, రేగుచెట్లు, తంగేడు అట్లాగే వదిలేసినా. పక్క సేను మా తమ్ముడిది, "ఏమన్నా, గట్టుమీద అడవి పెంచుతా ఉండావా" అని నవ్వుతాడు. ఆ గట్టు వైపు రోటవేటరు వేసే ముందు ట్రాక్టరు పిల్లోణ్ణి ఒకసారి గుంటక తోలమంటా, ఆ కదలికకు జరిగేవి జరుగుతాయి. బాడుగ గంటకు అదనంగా పడుతుంది. ఎలుకలు ఆ గట్టుమీద కూడా బొక్కలు పెట్టినాయి, లేదని చెప్పను. కానీ పోయినేడు ఆ పక్క నాలుగు సాళ్లలో విత్తనం మళ్లీ నాటే పని పడలేదు. అది పాము వల్లేనా, వాన వల్లా అని నన్నడిగితే ఖచ్చితంగా చెప్పలేను. ఇంకో రెండేళ్లు చూస్తే తెలుస్తుంది.

పోయిన నెల వాన పడిన మరుసటి రాత్రి మోటరు వేయడానికి పోతే ఆ గట్టు పక్కనే ఒకటి అడ్డంగా పోతా కనపడింది. నేను వదిలిన పామేనా? ఏమో, అయ్యుండదు. తోకమీద పాత గాటు ఉంది. టార్చి ఆర్పేసి, అది దాటేదాకా నిలబడినా.

ఇది రాస్తా ఉండగానే ఆ పిల్లోడు మళ్లీ ఫోన్ చేసినాడు. ఈసారి ఇంకో నంబరు. నేను కోప్పడలేదు. "నాయనా, నువ్వు ఎంత అడ్వాన్సు కట్టినావు?" అని అడిగినా. కాసేపు మాట లేదు. తర్వాత మెల్లిగా, "నలభై వేలన్నా" అన్నాడు. ఎవరికి కట్టినావో వాడి నంబరు, కట్టిన రసీదో ఫోన్పే మెసేజో ఉంటే దాచుకో, పోలీస్ స్టేషన్‌కు పోదాం, నేనొస్తా అన్నా. మా నాయనకు తెలిస్తే చంపుతాడన్నాడు. మీ నాయన నంబరు ఇయ్యి, నా కథ నేనే చెప్తా అన్నా. ఇంకా ఇవ్వలేదు. ఫోన్ పక్కనే పెట్టుకొని కూర్చున్నా.